తీగ మీద దుప్పటి

గురువారం పొద్దున షాహెదా తన ఇల్లు చూసుకుని మురిసిపోయి, ఆ వెంటనే భయపడింది. మర్నాడు మధ్యాహ్నం బస్సుకు తండ్రి వస్తున్నాడు. తిమ్మాజిపేట నుంచి అబ్దుల్ ఖాదర్ రాసిన కార్డులో క్షేమ సమాచారం ఒక్క వాక్యం, మిగతాదంతా అల్లుడి రేడియో. "తీగలు, డబ్బాలు తప్ప వేరే ధ్యాస లేదని విన్నాను. వచ్చి కళ్లారా చూస్తాను. ఆ పిచ్చి నిజమే అయితే, అది కుదిరేదాకా నిన్ను నా వెంట తీసుకుపోతాను."

పెళ్లయి నలభై రోజులే. ఈ నలభై రోజుల్లో గోపాల్‌పేటలో ఆమెకు నచ్చనిది ఒక్కటీ లేదు. అన్నిటికన్నా నచ్చింది సాయంత్రం. మొగుడు యూనుస్ బడిలో లెక్కల మాస్టరు. ఎనిమిది నెలలు కూర్చుని సొంతంగా కట్టుకున్న అతని రేడియో పైకి వినపడదు, చెవులకు తగిలించుకునే రెండు డిప్పల్లోనే పలుకుతుంది. పొద్దుగూకగానే ఆ డిప్పలను మెలితిప్పి, ఒకటి తన చెవికి, ఒకటి భార్య చెవికి ఆనించేవాడు. చెంపకు చెంప తగిలేది. హైదరాబాదు నుంచి ఏ పాట వచ్చిందని అడిగితే షాహెదా చెప్పలేకపోయేది.

రేడియో కట్టినవాడికి తెలియనిది ఉండదని ఊరి నమ్మకం. యూనుస్ కూడా ఎవరికీ 'తెల్వదు' అని చెప్పి ఎరగడు. పొయ్యి నోరు ఎటు తిప్పాలో, గడియారాన్ని వెల్లకిలా పడుకోబెడితే ఏమవుతుందో, దూడకు ఎన్నో నెలలో ముకుతాడు వేయాలో, చేతిలో పని ఆపకుండానే చెప్పేసేవాడు.

షాహెదా ఆ పూట వేసుకున్న లెక్క చిన్నదే. పెళ్లిలో పెట్టిన మందపాటి దుప్పటి ఉతికి తండ్రికి మంచం మీద పరవాలి. గోంగూర మాంసం వండాలి. ఇల్లు ఇల్లులా కనిపించాలి. దుప్పటి ఉతికింది. దండెం మీద జాగా లేదు. వాకిట్లో గుంజ నుంచి స్నానాలగది రేకుల మీదుగా ఇంట్లో రేడియో దాకా పోయే రాగితీగ మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది. దాని మీద ఆరేసింది. బరువుకు తీగ కిందికి వంగి, గాలి వీచినప్పుడల్లా రేకు అంచుకు రాసుకుంది. దుప్పటి ఎంత అందంగా ఊగుతుందో అనుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రం యూనుస్ డిప్పలు తగిలించుకుని మొహం చిట్లించాడు. పక్కింటి రేణుకమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"సారూ, మిరపకాయలు బయట్నే ఉంచనా, ఎత్తనా?"

"ఒకటే గరగర అక్కా. యాడనో ఉరుముతున్నట్టుంది. ఎత్తిపెట్టుకో, పోయేదేముంది?"

ఆ రాత్రి యూనుస్ నిద్రపోయాడు గానీ అతని మాట నిద్రపోలేదు.

శుక్రవారం జుమ్మా, బడికి సెలవు. పొద్దున్నే షాహెదా ఆరిన దుప్పటి తీసి మంచం మీద పరిచిందో లేదో, రేణుకమ్మ రొప్పుతూ వచ్చింది. "బిడ్డా, తుపానంట! రేడియోల గోపాల్‌పేట పేరు పెట్టి చెప్పిండ్రంట!"

"ఎవరన్నరు అక్కా?"

"నీ మొగుడు నాకు చెప్పె. నేను మల్లన్నకు చెప్పిన. ఇప్పుడు మల్లన్నొచ్చి నాకే చెప్పిండు. ఇద్దరు చెప్పినంక అబద్ధమెట్లయితది?"

మల్లన్న అప్పటికే కల్లంలోని జొన్న కంకులన్నీ ఇంట్లోకి చేరవేసి, జాగా లేక తాను అరుగు మీదికి వచ్చేశాడు. ఊళ్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు పందిరి విప్పేశారు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అదే అసలు తుపాను లక్షణమని మల్లన్న అందరికీ వివరిస్తున్నాడు.

మామకు ఎదురువెళ్దామని బయలుదేరిన యూనుస్‌కు బస్సు ఊళ్లోనే కనిపించింది. పొద్దున నాగర్‌కర్నూలు వెళ్లి మధ్యాహ్నానికి అబ్దుల్ ఖాదర్‌ను తేవలసిన బస్సు అది. డ్రైవర్ కురుమూర్తి దాని మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"పోలేదేంది కురుమూర్తీ?"

"వాగు పొంగితే బస్సు మునుగుతది సారూ, దాని తోటి నా కొలువు మునుగుతది. మీరే చెప్తిరి గద!"

"నేను చెప్పలే! గరగర అంటుందన్న, అంతే!"

"మరి గరగర అంటే ఏందో మీకు తెల్వదా?"

యూనుస్ నోరు తెరిచాడు. అలవాటు లేని మాట రాలేదు. సరిచూద్దామన్నా పగటిపూట హైదరాబాదు అందదు.

అతను ఇల్లు చేరేసరికి వాగు ఒడ్డున ఉండే జములమ్మ పదకొండు మేకలతో వాకిట్లో దిగిపోయింది. "ఎత్తు మీదున్న ఇల్లు నీదే సారూ. జర రెండు దినాలు." ఆమె వెనక రెండు కుటుంబాలు, కోళ్లగంప, తిరగలి. షాహెదా గోంగూర కోసం లోపలికి వెళితే గిన్నె ఉంది, గోంగూర లేదు. మంచం మీద, పెళ్లి దుప్పటి నడిమధ్యన, గడ్డం మేక ఒకటి నెమరేస్తూ ఆమెను ఎవరు నువ్వన్నట్టు చూసింది. షాహెదాకు ఏడుపొచ్చింది. కార్డులోని ఆఖరి వాక్యం అప్పటికి ఇరవైసార్లు గుర్తొచ్చింది.

పొద్దుగూకే వేళకు ఎద్దులబండి వచ్చి ఆగింది. నాగర్‌కర్నూలులో బస్సు కోసం చూసి చూసి, ఎర్రటి ఎండలో బండి కట్టించుకుని వచ్చిన అబ్దుల్ ఖాదర్ దిగాడు. టోపీ నుంచి చెప్పులదాకా ఒకటే దుమ్ము. వాకిట్లో మేకలను చూశాడు, అరుగు మీద మల్లన్నను చూశాడు, ఆకాశం చూశాడు. ఎవరితో మాట్లాడకుండా కాళ్లు చేతులు కడుక్కుని నమాజు చేసుకుని వచ్చాడు.

"యూనుస్ మియా, వాగుల చుక్క నీళ్లు లేవు. తుపానని చెప్పింది ఎవరు?"

"మామూ, గరగర వచ్చింది..."

"బేటీ, బట్టలు సర్దుకో."

షాహెదా తండ్రి చెయ్యి పట్టుకుని రేడియో దగ్గరికి తీసుకెళ్లింది. "అబ్బా, ఒక్కపారి వినుండ్రి. విన్నంక మీరేమంటే అది."

యూనుస్ మీట తిప్పి, డిప్పలు మామ చెవులకు తగిలించాడు. ఊళ్లోవాళ్లంతా వాకిట్లో మూగారు. గరగర ఎందుకు లేదో, మామ మొహం ఎందుకు మెత్తబడుతోందో యూనుస్‌కు అర్థం కాలేదు. షాహెదా మేక కింది దుప్పటిని చూసింది. ఖాళీగా, నున్నగా ఉన్న రాగితీగను చూసింది. వంగి రాసుకున్న రేకు అంచును చూసింది. నిన్నంతా ఈ దుప్పటి బరువుకే ఆ తీగ రేకును గీరుతూ ఉంది.

"అబ్బా, ఆ గరగర..." అని మొదలుపెట్టింది.

"ష్!" అన్నాడు అబ్దుల్ ఖాదర్ కళ్లు మూసుకుని. "పాడుతుండు."

చాలాసేపటికి జములమ్మ ఉండబట్టలేక, "సాబ్, ఏమంటుంది రేడియో?" అంది.

అబ్దుల్ ఖాదర్ కళ్లు తెరిచాడు. అరవై ముఖాలు తనవైపే చూస్తున్నాయి. జీవితంలో అంతమంది అతని మాట కోసం ఎన్నడూ ఎదురుచూడలేదు. గొంతు సవరించుకున్నాడు.

"వాన అటే పోయింది. ఇండ్లకు పోండ్రి. కంకులు మళ్ల ఎండబెట్టుండ్రి. మేకలకు జర ఉప్పు పెట్టాలె, బక్కగున్నయ్."

"రేడియో మేకల సంగతి గూడ చెప్పిందా!" అని మల్లన్న దండం పెట్టాడు.

రెండు రోజులకని వచ్చిన మామ పద్దెనిమిది రోజులున్నాడు. రోజూ సాయంత్రం డిప్పలు ఆయన చెవులకే ఉండేవి. వాకిట్లో కూర్చున్న జనానికి కోడలితో ఎట్లా మెలగాలో, ముల్లంగి ఎప్పుడు విత్తాలో చెప్పేవాడు. యూనుస్, షాహెదా గుంజ దగ్గర చెంపకు చెంప ఆనించి, పాట లేకుండానే కూర్చునేవారు. వెళ్లేటప్పుడు ఆయన కూతుర్ని వెంట రమ్మనలేదు. రేడియోను అడిగాడు. అది మాత్రం దక్కలేదు.

ఆ ఏడు మృగశిర కార్తె వెళ్లినా చినుకు రాలలేదు. "బిడ్డా, జర సారునడుగు, వాన ఎప్పుడొస్తదో?" అంది రేణుకమ్మ గోడ మీదుగా. షాహెదా లోపలికి వెళ్లి దుప్పటి తడిపి, రాగితీగ వైపు నడిచింది.