నోబు కోసం గొలుసు ప్రార్థన

బుధవారం పొద్దున రిబ్కమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఎనిమిది గంటల బస్సుకు కరీంనగర్ పోతున్న కొడుకు జోయల్ చేతికి అన్నం కారియర్ ఇవ్వాలి. పది గంటలకు చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడు ఒక చిట్టి తీసుకుపోయి ప్రార్థన సంచిలో వెయ్యాలి. మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్లలో నలభై ఏళ్లు కాపురం చేసి, ముగ్గురు పిల్లలను పెంచి, రెండు పెద్ద సమ్మెలను జొన్న గటకతోనే వెళ్లదీసిన మనిషికి ఇవి పనుల కిందికే రావు.

కారియరూ చిట్టీ రెండూ మోషే కోసమే. మోషే వాళ్లది అదే వరుసలో మూడో క్వార్టరు. అతని భార్య సువార్తమ్మ, రిబ్కమ్మ ఒకే ఏడు, వీధిలోకి నల్లా వచ్చిన ఏడు, కోడళ్లుగా ఆ వరుసలోకి వచ్చారు. మొదటి బిందె ఎవరిదని కొట్లాడుకున్నారు, ఆ కొట్లాటలోనే ఒదినెలయ్యారు. మోషే ముప్పై నాలుగేళ్లు బాయి దిగి రిటైరయ్యాడు. రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. ఫొటో తీయిస్తే ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. అదేమిటో తేల్చడానికి కరీంనగర్‌లో ఒక పెద్దాసుపత్రిలో మూడు రోజులు ఉంచుకున్నారు. గురువారం చెబుతామన్నారు.

మచ్చ సంగతి మోషేకు తెలియదు. కఫం పట్టింది, తీసేస్తే పోతుందని సువార్తమ్మ చెప్పింది. "పైకి గట్టిగ కనవడుతడు గని ఒదినె, తెలిస్తే మెతుకు ముట్టడు," అని రిబ్కమ్మ దగ్గర ఒట్టు వేయించుకుంది.

ఆ సమాజంలో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి బుధవారం సంచిలోని చిట్టీలన్నీ పాస్టరమ్మ చదువుతుంది. అన్నింటికీ ఒక మాట ప్రార్థన చేస్తారు. కానీ గొలుసు ప్రార్థన మాత్రం ఒక్కరికే. ఆరుగురు ఆడవాళ్లు గంటకొకరు చొప్పున, పగలు పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా, మోకాళ్ల మీద నిలబడి ఆ ఒక్కరి కోసమే అడుగుతారు. ఎవరి మనవికి ఎక్కువ మంది మనసు కరిగితే వాళ్లకే ఆ గొలుసు. ఈ నెల అది మోషేకు దొరకాలన్నది సువార్తమ్మ ఆశ. ఆసుపత్రి విడిచి రాలేదు కాబట్టి చిట్టి రాసి రిబ్కమ్మకు ఇచ్చింది. ఇంకొక పద్ధతి కూడా ఉంది. చిట్టి మోసుకుపోయేవాళ్లు దాన్ని విప్పి చూడకూడదు. అది అడిగేవాళ్లకూ దేవునికీ మధ్య మాట. రిబ్కమ్మ ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. తప్పినా బాగుండేది.

ఇప్పుడు రెండో చిట్టి సంగతి చెప్పాలి. మనవరాలు మహిమ నర్సింగు చదువుకు పోకముందు, కరోనా ఏడు, ఇంట్లో కూర్చుని జపాన్ యానిమే బొమ్మల సీరియళ్లు చూసేది. అన్నీ కొట్లాటలవే. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న రిబ్కమ్మ మొదటి వారం తిట్టింది, రెండో వారం ఎవడు ఎవని కొడుకని అడిగింది, మూడో వారం తాను లేకుండా చూసినందుకు మనవరాలితో మాట్లాడలేదు. చదువు మూడో తరగతి దాకే. తెలుగు మాటలు పెట్టినవే చూస్తుంది. కానీ ఏ భాగంలో ఎవరి కత్తి ఎన్ని ముక్కలైందో ఇప్పటికీ అప్పజెబుతుంది. చూసింది మరొకరికి చెప్పకపోతే ఆమెకు అన్నం అరగదు. నాటువైద్యురాలు మందు ఇచ్చినట్టు, మనిషిని చూసి సీరియల్ చెబుతుంది.

"కోడలితోని పడుతలేదా? 'పిడుగుల బడి' జూడు. ముందు నాలుగు భాగాలు సప్పగుంటయి, ఇడిసిపెట్టకు. ఐదోదాంట్ల టీచరమ్మ ఉత్త చేతులతోని పిడుగు పట్టుకుంటది, ఇగ నువ్వు లేవవు."

"మోకాళ్ల నొప్పులా? నీకు 'ఇనుప పడవ'. యాభై భాగాలు. అందరు కూసోనే కొట్లాడుతరు."

అంగట్లో, ఆసుపత్రి లైనులో, పెళ్లి పందిట్లో ఇదే. అందరూ తల ఊపి వెళ్లిపోయేవారు. ఇన్నేళ్లలో ఆమె మాట మీద ఒక్క మనిషి ఒక్క భాగం చూడలేదు. ఆ ముల్లు ఆమె లోపల గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే సోమవారం సువార్తమ్మ వచ్చి, "ఒదినె, మూడు దినాలు మంచం మీదుండాలె ఆయినె. ఫోన్ల ఏం జూడాల్నో జర రాసియ్యి, గా పరేషాన్ మరిసిపోవాలె," అన్నప్పుడు రిబ్కమ్మకు పట్టలేనంత సంతోషమైంది. సువార్తమ్మ నోటుబుక్కు కాగితం ఒకటి చింపి, సగంలో తన మనవి రాసుకుని నాలుగు మడతలు పెట్టి, మిగిలిన సగం ఆమెకు ఇచ్చింది. రెండు రోజులు ఆలోచించి రిబ్కమ్మ అన్నింటికన్నా మంచిదే రాసింది. కారియర్‌తో పంపుదామని అదీ నాలుగు మడతలు పెట్టింది.

బుధవారం ఎనిమిదికి పది నిమిషాలుంది. "అవ్వా, బస్సు పోతది," అని జోయల్ బండి హారన్ కొడుతున్నాడు. కుక్కర్ కూత వేస్తోంది. ఉప్పు డబ్బా కింద రెండు చిట్టీలున్నాయి. ఒకటి కారియర్ సంచిలో పెట్టింది, ఒకటి బైబిలులో పెట్టింది. విప్పి చూద్దామనుకుంది. విప్పింది సువార్తమ్మది అయితే పాపం కదా అని ఆగిపోయింది.

చర్చిలో యాభై మంది దాకా ఉన్నారు. పాస్టరమ్మ శాంతమ్మ ఒక్కొక్క చిట్టి చదువుతూ వచ్చి, ఒకదాని దగ్గర గొంతు సవరించుకుంది.

"నోబు. పదమూడేండ్లు. అవ్వ, బాపు మంటల్ల పోయిన్రు. కుడి చెయ్యి లేదు. చెల్లెను రాక్షసులు ఎత్తుకపోయిన్రు. కొండ మీద ఒక్కడే ముసలాయన దగ్గర పని నేర్సుకుంటుండు. ఎంత దెబ్బ తాకినా లేస్తడు. రోజుకు రెండు చాలు. మధ్యల ఇడిసిపెట్టద్దు."

పాస్టరమ్మ చిట్టి పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఐలవ్వ వెక్కింది. ఐలవ్వ తన సొంత తమ్ముడు చనిపోయినప్పుడు కూడా ముందు ఎసరు దింపి తర్వాత ఏడ్చిన గట్టి మనిషి. ఆమె వెక్కేసరికి వెనక వరుసలన్నీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాయి.

"రోజుకు రెండు పూటలే తింటుండట పిల్లగాడు," అన్నది ఒకామె.

రిబ్కమ్మ లేవాలి. లేచి, అది సీరియల్ అని ఒక్క మాట చెప్పాలి. నోరు కూడా తెరిచింది. కానీ చుట్టూ చూసింది. తన మాటకు యాభై మంది ఏడుస్తున్నారు. ఇన్నేళ్లు తల ఊపి వెళ్లిపోయినవాళ్లే నోబు కోసం ముక్కు చీదుతున్నారు. ఇంకొక్క నిమిషం ఆగి చెబుదామనుకుంది. ఆ నిమిషంలోనే యాభై చేతులు లేచాయి. గొలుసు నోబుకు వెళ్లిపోయింది.

"గీ చిట్టి ఎవలు దెచ్చిన్రు?" పాస్టరమ్మ అడిగింది.

రిబ్కమ్మ చెయ్యి ఎత్తింది. అందరూ చుట్టూ మూగారు.

"పిల్లగాన్ని ఎవలు జూస్తుండ్రక్కా?" ఐలవ్వ చెయ్యి పట్టుకుంది.

"ముసలాయన. ఒక కన్ను లేదు."

"ఏం పని నేర్పుతుండు?"

"కత్తుల పని."

"చెయ్యి లేని పోరనితోని కమ్మరి పనా? ఆయినకు దయ లేదా?"

"ఉంటది. పదకొండో భాగంల... అటెన్క తెలుస్తది," అన్నది రిబ్కమ్మ. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. అందుకే ఆపడానికి వీలు లేకుండా పోయింది.

అప్పుడు తట్టింది ఆమెకు, మరి మోషే చిట్టి ఎక్కడుందని. అది కారియర్ సంచిలో ఉంది. కారియర్ ఈపాటికి పెద్దపల్లి దాటి ఉంటుంది. జోయల్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సువార్తమ్మకు చేసి ఏం చెబుతుంది? ఎవరికీ చెప్పకుండా చర్చి వెనక తలుపు నుంచి బయటపడి బస్టాండుకు పోయి, కదులుతున్న బస్సు ఎక్కింది.

గోదావరి వంతెన మీద ఉండగా పాస్టరమ్మ ఫోన్ వచ్చింది.

"రిబ్కక్కా, నోబును మన మిషన్ హాస్టల్ల పెట్టుకుందామన్నరు. వార్డెనమ్మ మంచం గూడ జూపెట్టింది. ఏ ఊరు?"

"శాన దూరమమ్మా."

"ఎంత దూరమైతేంది, జీపు మాట్లాడుతం."

"జీపు పోదు."

"ఇంకొకటి అక్కా. సువార్తమ్మక్కకు ఫోన్ జేసిన. మోషన్న చిట్టి సంచిల రాలేదు, దేవుడు వేరే పిల్లగాన్ని సూపిచ్చిండని చెప్పిన. ఏమన్నదో తెలుసా? నా మొగనికి నేనున్న, గా పోరనికి ఎవ్వలు లేరు, రెండు నుంచి మూడు గంట నాకియ్యున్రి అన్నది. గంత మంచి మనిషి."

రిబ్కమ్మ ఫోన్ కొంగులో చుట్టి, దిగేదాకా మళ్లీ విప్పలేదు.

ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో, అటూ ఇటూ స్ట్రెచర్లు పోతుంటే, గోడ పక్కన సువార్తమ్మ మోకాళ్ల మీద ఉంది. కళ్లు మూసుకుని ఉంది. "ప్రభువా, గా బిడ్డ చేతికి బలమియ్యి, చెల్లెను దొరకనియ్యి," అని గొణుగుతోంది. అరవై రెండేళ్ల మోకాళ్లు కింద చల్లని బండ మీద ఉన్నాయి. నిరుడు దీపావళికి మహిమ చూపించిన బొమ్మ కోసం ఇదంతా. రిబ్కమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె పక్కనుంచి దొంగలా వార్డులోకి నడిచింది.

మోషే మంచం మీద కూర్చుని ఉన్నాడు. కారియర్ ఖాళీ అయింది. చిట్టి అతని చేతిలోనే ఉంది.

"రా చెల్లె. నువ్వు రాసిచ్చింది సదివిన."

"అన్నా, అది నాది కాదు..."

"ముందుగాల నీ సీరియలే అనుకున్న. మోషే, అరవై ఎనిమిదేండ్లు అనుంది. జపానోళ్లు గీ పేరు గూడ పెట్టుకుంటరా అనుకున్న. కింద, 'ఊపిరితిత్తి మీద మచ్చ, ఆయినెకు తెల్వదు, తెల్వనియ్యద్దు' అనుంది." చిట్టి మళ్లీ మడత పెట్టాడు. "మంచిగ రాసింది. తప్పుల్లేవు."

"నన్ను మాఫ్ చెయ్యన్నా."

"ఎందుకే? నాకు ముందే తెలుసు. నలభై ఏండ్ల సంది పొద్దుకు నాలుగుసార్లు తిట్టే మనిషి, రెండు నెలలాయె, ఒక్క మాట అంటలేదు. కూరల ఉప్పు ఎక్కువైందన్నా ఊకుంటుంది. గప్పుడే అనుకున్న, ఇగ నా పని అయిపోయిందని." గట్టిగా దగ్గాడు. "గని ఆమెకు చెప్పకు. నాకు తెలుసని తెలిస్తే ఆగమైతది."

రిబ్కమ్మకు అప్పటికి రెండు ఒట్లయ్యాయి. మొగుడికి చెప్పనని పెళ్లానికి, పెళ్లానికి చెప్పనని మొగుడికి. పుట్టినప్పటి నుంచి ఏ మాటా కడుపులో దాచుకోని మనిషికి రెండు పక్కలా తాళం పడింది.

మూడు కొట్టగానే సువార్తమ్మ లోపలికి వచ్చింది. "ఒదినె, నువ్వెప్పుడొచ్చినవ్? నోబు ముచ్చట నాకు ముందెందుకు చెప్పలేదు? నా చిట్టి సంచిల రాలేదన్నరు, ఏడ పడిపోయింది?"

రిబ్కమ్మ ఏమీ మాట్లాడలేదు. సువార్తమ్మ మళ్లీ అడిగింది. రిబ్కమ్మ కిటికీ వైపు చూసింది. నలభై ఏళ్ల స్నేహంలో ఇలాంటిది చూడలేదు సువార్తమ్మ. ఒదినె మౌనంగా ఉందంటే కొంపేదో మునిగింది. ఆమె చూపు గదంతా తిరిగి మొగుడి చేతి దగ్గర ఆగింది. తన నోటుబుక్కు కాగితం. నాలుగు మడతలు.

"సదివినవా?" అన్నది చాలా మెల్లగా.

"సదివిన," అన్నాడు మోషే. "గని ముందే తెలుసు."

"ఎన్నడు తెలుసు?"

"నువ్వు తిట్టుడు బంద్ చేసినప్పుడే."

సువార్తమ్మ మంచం అంచున కూర్చుంది. "తెలుసుండి గూడ రెండు నెలలు నా మొఖం జూసుకుంట నవ్వినవా? నేను బాత్‌రూంల నల్లా ఇడిసి ఏడుస్తుంటే నువ్వు ఇవతల టీవీ పెట్టుకున్నవా? నీకు మనసున్నదా?" అలా పావుగంట తిట్టింది. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పారు. మోషే మాత్రం జ్వరం దిగినవాడిలా దిండుకు ఆనుకుని విన్నాడు.

అప్పుడు రిబ్కమ్మ నోబు ఎవరో చెప్పింది. సువార్తమ్మ తన మోకాళ్లు చూసుకుంది.

"లేని పోరడా?"

"లేడు."

"చర్చిల సదివినప్పుడే నీకు తెలుసు."

"తెలుసు."

"నోరెందుకు తెరవలే?"

"అందరు ఏడుస్తుండ్రి ఒదినె. నేను చెప్పిన కథకు ఎవ్వలు ఎన్నడు ఏడ్వలే."

సువార్తమ్మ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండునని రిబ్కమ్మ ఎదురుచూసింది. "ఒక్క పగలు ఆయినె పేరు నలుగురి నోట్ల ఉండాలనుకున్న, గంతే," అని కారియర్ కడగడానికి వెళ్లిపోయింది.

గురువారం డాక్టర్లు ఆరు నెలలు మందులు వాడాలి, ఆ తర్వాత చూద్దామన్నారు. మంచి మాట కాదు, చెడ్డ మాటా కాదు. ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ రిబ్కమ్మ లేచి ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. అందరికన్నా ఐలవ్వకే కోపం ఎక్కువ వచ్చింది. ఆమె అప్పటికే నోబు కోసం రెండు చొక్కాలకు కుడి చేతులు మూసి కుట్టింది. ఇప్పుడు కుట్లు విప్పుకోవాలి. వార్డెనమ్మ మంచం మీది దుప్పటి తీసేసింది. ఎవరూ రిబ్కమ్మను నోబు తర్వాత ఏమయ్యాడని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. సువార్తమ్మ వరుసలో ఎదురుపడితే మోషే ఆరోగ్యం సంగతి చెప్పేది, ఒదినె అని మాత్రం అనలేదు.

తర్వాతి బుధవారం సమాజం పద్ధతి పక్కన పెట్టి మళ్లీ కూడింది. ఈసారి గొలుసు మోషేకు. పాస్టరమ్మ ఆరు పేర్లు రాసుకుంటుంటే వెనక వరుసలో రిబ్కమ్మ చెయ్యి ఎత్తింది. అందరూ సువార్తమ్మ వైపు చూశారు.

"రాయున్రి," అన్నది సువార్తమ్మ వెనక్కి తిరగకుండానే. "గని మనసులనే జేసుకోవాలె. పైకి వద్దు."

మూడు నుంచి నాలుగు దాకా రిబ్కమ్మ మోకాళ్ల మీద నిలబడి పెదవి కదపలేదు. ఆ గంటలో చర్చికి ప్రార్థన కోసం వచ్చినవాళ్లకన్నా, అది చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ.