బీరువాలో వైఫై

ఫైళ్లు నెమ్మదిగా అప్‌లోడ్ కావడం మనిషికి దొరికిన వరం!

ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. వైఫై స్పీడు లేదని, ఫోటోలు ఎక్కడం లేదని అందరూ గగ్గోలు పెడుతున్న రోజుల్లో, తొమ్మిది రోజులపాటు ఒకే నీలం గీతను కన్నార్పకుండా చూసిన మనిషిగా ఆ ధైర్యం నాకు వచ్చింది. ఆ గీత రోజుకి గోరంత జరిగేది. ఆ గోరంత చూడ్డం కోసం నేను పొద్దున్నే లేచేవాణ్ణి. అంతకుముందు నన్ను పొద్దున్నే లేపినవాళ్లు ఎవరూ లేరు.

మీరు నమ్మరని తెలుసు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

నేను ఒక ఆఫీసులో రికార్డుల గది చూసుకుంటాను. పాతికేళ్ల సర్వీసులో ఒక్క కాగితం పోలేదు. ఎలా పోతుంది? నేను ఎవరికైనా ఇస్తే కదా! తాళం వేసిన వస్తువు ఎక్కడికీ పోదన్నది నా సిద్ధాంతం, ఇంట్లోనూ అదే అమల్లో ఉంది. మా ఇంట్లో గొళ్లెం లేని తలుపులు లేవు, తాళం లేని గొళ్లేలు లేవు, నాకు తెలియని తాళంచెవి అసలే లేదు.

ఇలాంటి క్రమశిక్షణ గల ఇంట్లో మా ఆవిడ ఫోను పాడైంది.

పాడైందంటే పూర్తిగా కాదు. స్క్రీను కింది సగం వేలికి పలకడం మానేసింది. చార్జింగ్ పిన్ను ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే చార్జి ఎక్కుతుంది, ఆ వైరు మీద ఫైళ్లు మాత్రం దిగవు. రోజుకి నాలుగుసార్లు దానంతటదే ఆగిపోయి, బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది. రిపేరు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో పది రోజులు ఆడుతుందమ్మా. ఆ తర్వాత నన్నడగొద్దు. లోపల ఏమైనా ఉంటే తీసేసుకోండి," అన్నాడు.

లోపల మా మామగారు ఉన్నారు.

ఆయన రేడియోలు బాగుచేసేవారు. పోయి రెండేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు ఆ రేడియో షాపుకి వెళ్లి మా ఆవిడ తీసిన వీడియో ఒకటి ఆ ఫోనులో ఎక్కడో ఉంది. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది అందులోనే. సగం స్క్రీనుతో ముప్పై వేల ఫైళ్లలో దాన్ని వెతికి పట్టుకోవడం కుదరలేదు. మా ఆవిడ కన్నీళ్లు పెట్టుకునే మనిషి కాదు, లైబ్రరీలో పని చేస్తుంది, చప్పుడు చెయ్యకపోవడం అలవాటు. ఆ సాయంత్రం మాత్రం ఫోను చీరకొంగుతో రెండు మూడుసార్లు తుడిచింది.

నేను వెంటనే రంగంలోకి దిగాను. ఒక స్టోరేజి డబ్బా కొన్నాను. ఇంట్లో ఫోన్లలో ఉన్న ఫోటోలు, వీడియోలు వైఫై మీద వచ్చి ఆ డబ్బాలో పడతాయి, ఇక ఫోను ఉన్నా పోయినా ఒకటే. ఆన్‌లైన్లో దాచుకోవచ్చు కదా అన్నారు కొందరు. మా మామగారిని తీసుకెళ్లి ఎవరిదో కంప్యూటర్లో కూర్చోబెట్టడమా? మన మనుషులు మన ఇంట్లోనే ఉండాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో విలువైన వస్తువు ఎక్కడ పెడతారు? నిజం చెప్పండి. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, పెళ్లినాటి పట్టుచీర, ఎవరో ఎప్పుడో వస్తారని ఎవర్నీ ముట్టుకోనివ్వని కొత్త దుప్పట్లు, ఇవన్నీ ఎక్కడుంటాయి?

బీరువాలో. అందుకే డబ్బా కూడా బీరువాలోకే వెళ్లింది.

డబ్బాకీ రౌటర్‌కీ మధ్య వైరు మూరెడే ఉంది కాబట్టి రౌటర్ కూడా లోపలికే వెళ్లింది. రెండూ దుప్పట్ల పై అరలో పక్కపక్కన కుదురుకున్నాయి. వెనక రేకుకి కన్నం పెట్టించి కరెంటు వైరు, ఇంటర్నెట్ వైరు లోపలికి లాగించాను. కన్నం పెట్టిన వెల్డరు నా వంక ఒక చూపు చూశాడు. ఇంత ముందుచూపు ఉన్న మనిషిని చూడలేదనుకుంటాను. ఆ తర్వాత తలుపు వేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. అరంగుళం మందం కూడా లేని ప్లాస్టిక్ డబ్బాకి నిలువెత్తు ఇనప కాపలా దొరికింది.

మా ఆవిడ ఫోనులో "అన్నీ" అనే బటన్ నొక్కాను. ఏరడం, వెతకడం నా పద్ధతి కాదు. రికార్డు అంటే మొత్తం రికార్డు. కొత్త ఫైళ్లు ముందు, పాతవి చివర అన్నది ఆ డబ్బా పెట్టిన క్రమం. కాబట్టి ముందుగా ఈ నెలలో బంధువులు పంపిన గుడ్‌మార్నింగ్ పువ్వులు బయలుదేరాయి. మా మామగారు క్యూలో చివర నిలబడ్డారు.

స్క్రీను మీద "మిగిలిన సమయం: ఆరు రోజులు" అని వచ్చింది. మర్నాడు చూస్తే తొమ్మిది రోజులు అంది. చేసేకొద్దీ మిగిలిన పని పెరగడం నాకు కొత్తేమీ కాదు, ఆఫీసులో రోజూ చూస్తూనే ఉంటాను. అయినా షాపతను ఇచ్చిన గడువు మాత్రం పెరగడం లేదు. అందుకని పరిశోధన మొదలుపెట్టాను.

ఇక్కడే మీకు స్లో అప్‌లోడ్ గొప్పతనం తెలుస్తుంది. అది లేకపోతే నేను ఇంతమందితో మాట్లాడేవాణ్ణా?

ఇంటర్నెట్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా రౌటర్ ఆపి మళ్లీ వెయ్యమంది. ఆపి వేశాను. బాగుందా సార్ అంది. లేదన్నాను. మళ్లీ ఆపి వెయ్యమంది. ఇలా ఆ అమ్మాయి, నేను ఒక వారంలో సొంత మనుషులంత దగ్గరయ్యాం. మా ఇంటి రౌటర్ నాకంటే ఎక్కువ విశ్రాంతి తీసుకుంది.

మా తోడల్లుడి సంగతి వేరే చెప్పాలి. ఆయన తన ఇంట్లో స్పీడు గురించి చెప్పేటప్పుడు కొంచెం ఛాతీ ఉబ్బిస్తాడు, ఆ వైరేదో ఆయనే పేనినట్టు. "నీది పాత రౌటర్ అన్నయ్యా. ఆరు యాంటెన్నాలది కొను," అన్నాడు. కొన్నాను. తిరగేసిన పీతలా ఉంది. దాన్నీ బీరువాలోనే పెట్టాను. కాళ్లు చాచుకోవడానికి చోటు చాలక రెండు పట్టుచీరలు కింది అరకి దించాల్సి వచ్చింది.

అదీ పనికిరాకపోతే ఇంట్లో సిగ్నల్‌కి అడ్డొచ్చే అనుమానితుల్ని పట్టుకున్నాను. మైక్రోవేవ్ ఓవెన్‌కి ప్లగ్గు పీకేశాను. నిలువుటద్దం గోడవైపు తిప్పాను, రెండు రోజులు తల ఎవరికి వారు ఊహించుకుని దువ్వుకున్నాం. చేపల తొట్టి బాల్కనీలోకి మారింది. పైవాటా వాళ్ల వైఫై మన వైఫైకి అడ్డుపడుతుందని ఎక్కడో చదివి, వాళ్లని పోయి అడిగాను. పైవాటా ఆయన రిటైరైన కండక్టరు. "మాది మీది ఢీకొంటున్నాయా? అయితే మాది కాసేపు ఆపుతాను, మీది వెళ్లనివ్వండి," అని సిగ్నల్ ఇచ్చినట్టు చెయ్యి ఊపాడు. అంత మంచివాళ్లు పైన ఉన్నారని పదేళ్లలో నాకు తెలియలేదు.

ఇంతలో ఫోను రోజుకి ఏడుసార్లు ఆగిపోవడం మొదలైంది.

కంపెనీ నుంచి లైన్‌మన్ వచ్చాడు. నిచ్చెనెక్కి బయట వైరు చూశాడు, బాగుందన్నాడు. రౌటర్ ఎక్కడుందని అడిగాడు. నేను తాళంచెవి తీసి, బీరువా రెండు తలుపులూ తెరిచి, కొంచెం గర్వంగానే పక్కకి జరిగాను. అతను లోపలికి చూశాడు. పట్టుచీరల వంక, పీత వంక, నా వంక చూశాడు. పెద్దమనుషుల ఇంట్లో ఎందుకనుకున్నాడో ఏమో, ఏమీ అనకుండా ఫోను తీసి స్పీడు టెస్ట్ పెట్టాడు. ముల్లు చివరికంటా పోయి నిలబడింది. "బ్రహ్మాండంగా ఉందండీ," అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

అతను మెట్లు దిగగానే బీరువాకి తాళం వేశాను. స్పీడు పడిపోయింది! చూశారా ఈ కంపెనీల మోసం? మనిషి ఉన్నంతసేపూ ఇస్తారు, వెనక్కి తిరగ్గానే లాగేసుకుంటారు. రెండోసారి పిలిచాను. మళ్లీ అదే కథ. తలుపు తెరిచాను, స్పీడు వచ్చింది, సంతకం పెట్టాను, తలుపు వేశాను, స్పీడు పోయింది. కంపెనీ వాళ్లకి ఒక పెద్ద ఉత్తరం రాశాను. ఒక కాపీ ఆఫీసు రికార్డుల గదిలో భద్రంగా ఉంది.

న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. మా ఆవిడ మొదటి రోజే ఏదో అంది. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏమండీ, ఇనప బీరువాలో పెడితే సిగ్నల్ బయటికెలా వస్తుందండీ? మా నాన్న షాపులో..." అంటుండగానే నేను చెయ్యి అడ్డం పెట్టాను. "మీ నాన్నగారివి రేడియోలు. ఇది డిజిటల్," అన్నాను. నాలుగో రోజు మళ్లీ "ఆ తలుపు ఒక్కసారి..." అంది. లైన్‌మన్‌తో ఫోన్లో ఉన్నాను, ఆగమన్నాను. ఆరో రోజు గుమ్మం దాకా వచ్చి, తోడల్లుడు లైన్లో ఉన్నాడని చూసి, వెనక్కి వెళ్లిపోయింది. నిపుణులతో మాట్లాడుతున్నప్పుడు ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరిక ఎవరికుంటుంది చెప్పండి?

తొమ్మిదో రోజుకి నీలం గీత సగం దాటింది. పువ్వులన్నీ క్షేమంగా చేరాయి. ఎవరో పంపిన బరువు తగ్గే చిట్కాలు చేరాయి. మా ఆవిడ పొరపాటున చేతిసంచిలో ఫోను పెట్టి తీసిన నలభై నిమిషాల చీకటి వీడియో చేరింది. మామగారు ఇంకా క్యూలోనే ఉన్నారు. ఆ పొద్దున ఫోను ఆగిపోయి గంటదాకా లేవలేదు. మా ఆవిడ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఓపిక పట్టమని చెప్పి ఆఫీసుకి బయలుదేరాను. ఆ కంగారులో తాళంచెవి నిన్నటి చొక్కాలోనే మరిచిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఆ డబ్బాకి కలిపిన టీవీ స్క్రీను మీద "పూర్తయింది" అని ఉంది.

నా ఆనందం చూడాలి! చెప్పులు కూడా విప్పకుండా తోడల్లుడికి ఫోన్ కలిపాను. చూశావా తమ్ముడూ, తొందరపడితే ఏదీ కాదు, సహనం కావాలి అని పావుగంట చెప్పాను. ఈ వ్యాసం మొదటి వాక్యం అప్పుడే నా మనసులో పుట్టింది. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగితే బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, మధ్యలో స్టూలు అడ్డం పెట్టి ఉంది.

"మీరు వెళ్లగానే లీవు పెట్టి తీశాను. గంటలో అయిపోయింది. మధ్యాహ్నం ఫోను పోయింది, ఇక లేవలేదు," అంది మా ఆవిడ. నన్ను తప్పుపట్టినట్టు కూడా లేదు. లైబ్రరీలో పుస్తకం ఫలానా అరలో ఉందని చెప్పినట్టే చెప్పింది.

పాఠకులారా, ఇది కాకతాళీయం అని వాదించడానికి నా దగ్గర మూడు బలమైన పాయింట్లు ఉన్నాయి. ఇక్కడ రాద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆవిడ టీవీలో ఆ వీడియో పెట్టింది.

చిన్న షాపు. బల్ల మీద విప్పేసిన రేడియో. దాని వెనక మా మామగారు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు. ఫోను పట్టుకున్న మా ఆవిడ గొంతు మాత్రం వినిపిస్తోంది. "దీనికేమైంది నాన్నా?" అని అడిగింది.

"నన్నడుగుతావేంటమ్మా? నువ్వే చూసి చెప్పు. నేను వింటా," అన్నారాయన.

అంతే. ఆయన గొంతు అంతే ఉంది. ఆ తర్వాత ఆరు నిమిషాలూ మా ఆవిడే మాట్లాడింది. ఏ తీగ ఎక్కడ వదులైందో, స్టేషన్ ఎందుకు పట్టడం లేదో, ముందు ఏది చూడాలో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. మధ్యలో నవ్వింది, తప్పు చెప్పి తానే దిద్దుకుంది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక్కసారి కూడా అడ్డు రాకుండా, తల ఊపుతూ కూర్చున్నారు.

వీడియో అయిపోయింది. నేను చెప్పులతోనే నిలబడి ఉన్నాను.

మా పెళ్లయి ఇరవై రెండేళ్లు. మా ఆవిడ ఆరు నిమిషాలు మాట్లాడగా నేను పూర్తిగా వినడం అదే మొదటిసారి.