రెండు వందల నరసింగరావులు

రైతు బటన్ నొక్కకముందే, ఆ బటన్ పనిచేస్తుందో లేదో ప్రభుత్వమే నొక్కి చూస్తుందని మంత్రిగారు ప్రకటించారు. ఇంత బాధ్యత ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ నెత్తినేసుకోలేదని కూడా అన్నారు. నవంబరు ఆఖరి వారంలో, మా ఊరి ధాన్యం కొనుగోలు కేంద్రం ముందు షామియానా వేసి, మూడు వందల మంది రైతుల మధ్య ఈ ప్రకటన చేశారు. ఒక పత్రికకు మండలం వార్తలు పంపేవాణ్ణి గనక నాకు ముందు వరుసలో కుర్చీ దొరికింది. ఒక్క ముక్క పొల్లుపోకుండా రాసుకున్నాను.

సంగతేమిటంటే, కిందటేడు 'మన కళ్లం' అని ఒక వెబ్‌సైటు పెట్టారు. ధాన్యం అమ్ముకునే రైతు అందులో టోకెన్ తీసుకోవాలి. టోకెన్ ఉంటేనే కేంద్రంలో బస్తా దించనిస్తారు. పెట్టిన రోజే అది పడకేసింది, పదకొండు రోజులు లేవలేదు. గిట్టనివాళ్ళు నానా రాతలూ రాశారు. మంత్రిగారి మనసు నొచ్చుకుంది. అందుకని ఈ ఏడు ఆటోమేటెడ్ టెస్టింగ్ పెట్టించారు. అంటే ఒక ప్రోగ్రాము, మనిషి చెయ్యి పడకుండా, రోజూ పొద్దున్నే తనంతట తానే వెబ్‌సైటులోకి వెళ్ళి, రైతులాగే పేరు కొట్టి, రైతులాగే టోకెన్ అడుగుతుంది. టోకెన్ వస్తే పచ్చ దీపం, రాకపోతే ఎర్ర దీపం. ఆ దీపాలన్నీ డాష్‌బోర్డు అనే తెర మీద, రాజధానిలో మంత్రిగారి గది గోడకి కనిపిస్తూ ఉంటాయి.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు లాప్‌టాప్ ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కీబోర్డు మీద చిందాయి. టెస్టింగుకి అదే తొలి పరీక్ష అనీ, దాన్ని కూడా తట్టుకుందనీ స్పెషలాఫీసరు ఉమాశంకర్ గారు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త ఎక్కువసేపు కొట్టాను.

ఉమాశంకర్ గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పనిలో దిగితే అన్నం, నీళ్ళు గుర్తుండవు. తనవే కాదు, ఎదుటివాళ్ళవి కూడా. ఆయన కింద ప్రోగ్రాము రాయడానికి కంపెనీవాళ్ళు విజయనగరం నుంచి రేఖ అనే అమ్మాయిని పంపారు. చదువుకున్న పిల్ల, తక్కువ మాట్లాడుతుంది. ఆ తక్కువలోనే తొలిరోజు ఒక పొరపాటు మాట అంది. పరీక్షలు అసలు వెబ్‌సైటు మీద చెయ్యకూడదట, దానికి అచ్చం అలాంటిదే ఇంకో నకలు వేరే సర్వర్‌లో పెట్టుకుని దాని మీద చెయ్యాలట.

ఉమాశంకర్ గారు నవ్వి, "పెళ్ళిచూపులు ఒక పిల్లకీ, పెళ్ళి ఇంకో పిల్లకీ చేస్తామా అమ్మా?" అన్నారు.

వేరే సర్వర్ అంటే వేరే టెండరు. వేరే టెండరంటే వేరే ఏడాది. కాబట్టి రైతులు వాడే వెబ్‌సైటు మీదే పరీక్షలు మొదలయ్యాయి.

పరీక్షకి ఒక రైతు కావాలి గదా. మామగారి మీది భక్తికొద్దీ ఉమాశంకర్ గారు అతనికి పరీక్షా నరసింగరావు అని పేరు పెట్టారు. భూమి లేనివాణ్ణి వెబ్‌సైటు రైతుగా ఒప్పుకోదు. మండలంలో ఏ సర్వే నంబరు చూసినా ఇద్దరేసి, ముగ్గురేసి హక్కుదార్లు కొట్టుకుంటున్నారు. చివరికి తాసీల్దారుగారు తెలివిగా భావనపాడుకి అవతల, సముద్రంలో, ఏ తగాదా లేని రెండెకరాలు రాసిచ్చారు. కులం గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. నరసింగరావు మావాడే కావాలని మూడు వర్గాల కార్యకర్తలు ఆఫీసు దగ్గర రెండ్రోజులు కూర్చున్నారు. వారానికొక కులం చొప్పున వంతులు వేసి ఉమాశంకర్ గారు శాంతిభద్రతలు కాపాడారు.

రేఖ రాసిన ప్రోగ్రాము ఒక టోకెన్ తీసుకుని, వెంటనే దాన్ని రద్దు చేసి, మళ్ళీ రైతులకే వదిలేసేది. తొలిరోజు డాష్‌బోర్డు మీద 'తీసుకున్నవి ఒకటి, రద్దయినవి ఒకటి' అని వచ్చింది. మంత్రిగారి గోడ మీద రద్దు అనే మాట కనిపించడమేమిటని ఉమాశంకర్ గారు కంగారు పడ్డారు. రద్దు చేసే భాగాన్ని తీయించేశారు. పక్క మండలంవాళ్ళు యాభైమంది పరీక్షా రైతుల్ని దించారని తెలిసి, మనకి రెండు వందలమంది ఉండాలన్నారు. మన కేంద్రానికి రోజుకి ఇచ్చేదే రెండు వందల టోకెన్లు సార్ అని రేఖ మెల్లిగా గుర్తుచేసింది. అంటే వచ్చినవి వచ్చినట్టు వాడేసుకుంటున్నాం గదా, ఒక్కటీ వృథా పోదు గదా, ఇంకేం కావాలని ఆయన వీపు తట్టినంత పని చేశారు.

మర్నాటి నుంచి పొద్దున్న తొమ్మిదింటికి టోకెన్లు తెరుచుకునేవి. తొమ్మిది దాటి నాలుగు సెకన్లకి రెండు వందల మంది నరసింగరావులు రెండు వందల టోకెన్లూ పట్టుకుపోయేవారు. నాలుగు సెకన్లలో నూటికి నూరు శాతం! మన కేంద్రం రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. నేను ఫొటోతో సహా వార్త పంపాను, జిల్లా పేజీలో పైన వేశారు.

ఇక్కడ మా సూరయ్య మావ సంగతి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు గానీ వార్తలో న్యాయం ఉండాలి. ఆయన మా అమ్మకి తమ్ముడు. మూడెకరాల వరి. కోసి, నూర్చి, ఆరబోసి, కళ్లంలో టార్పాలిన్ కప్పి పెట్టుకున్నాడు. ఏడాదంతా ఆయనా, దాలమ్మత్తా ఆ మూడెకరాల మీద పడి చేసిందంతా ఆ కుప్పలోనే ఉంది. ధాన్యం బాగా ఆరింది. కేంద్రంలో తేమ పదిహేడు శాతం లోపుంటేనే కొంటారు. వాన పడితే ఆ కుప్పని కోళ్ళు కూడా ముట్టుకోవు.

మావ రోజూ పొద్దున్న తొమ్మిదింటికి నా దగ్గరికొచ్చి ఫోన్లో టోకెన్ తీయించుకునేవాడు. రోజూ ఒకటే జవాబు: 'నేటి టోకెన్లు పూర్తయ్యాయి. మీ ఆదరణకు ధన్యవాదాలు.' అలా తొమ్మిది రోజులు ఆదరించాడు. షావుకారు కళ్లానికొచ్చి, ధాన్యం కేసి చూడకుండా ఆకాశం కేసి చూసి, సగం ధర చెప్పి పోయాడు.

పదోరోజు మావ అసలేం జరుగుతుందో చూద్దామని కేంద్రానికే పోయాడు. నేనూ వెళ్ళాను. కేంద్రం కళకళలాడుతోంది. కాటా తుడిచి పెట్టారు. గోనె సంచులు దొంతర్లుగా ఉన్నాయి. కలాసీలు పన్నెండుమంది వరసగా కూర్చుని ఉన్నారు. బస్తా ఒక్కటి లేదు. మైకు ముందు ఈశ్వర్ అనే ఉద్యోగి పిలుస్తున్నాడు.

"పరీక్షా నరసింగరావు ఒకటి."

టోకెన్ ఉన్న రైతుని మూడుసార్లు పిలిచి, రెండు నిమిషాలు ఆగి, రాకపోతే గైరుహాజరు వేసి తరవాతివాణ్ణి పిలవాలని నిబంధన. ఈశ్వర్ ఒక్క నిమిషం కూడా ఎగ్గొట్టడు. భోజనాల వేళ పోను, రెండు వందలవ నరసింగరావు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా సాయంత్రం ఐదయ్యేది. తలుపులు వేసేవారు. ఇంత క్రమశిక్షణ నేను మిలిటరీలో కూడా వినలేదు.

నలభయ్యో నరసింగరావు దాకా ఓపిక పట్టి మావ లేచాడు. "ఆ నరసింగరావు ఎవులు బాబూ? ఏ ఊరోడు?" అని అడిగాడు.

ఈశ్వర్ రిజిస్టరు చూసి, భావనపాడు అవతలని చెప్పాడు.

"ఆడు ఎలాగూ రాడు గదా. ఆడి బదులు నా దాన్యం సూడండి. బండి కట్టీసి ఉన్నాది."

ఒకరి టోకెన్ మీద ఇంకొకరి ధాన్యం దించితే అది మోసం, పోలీసు కేసవుతుందని ఈశ్వర్ భయపడుతూ చెప్పాడు. మంచివాడు, మావకి మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఆ తరవాత నలభై ఒకటో నరసింగరావుని పిలిచాడు.

ఆ సాయంత్రం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందనీ, కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారనీ తెలిసింది.  మావ తిన్నగా, కేంద్రం మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న రేఖ దగ్గరికి పోయాడు. తిట్టలేదు, బతిమాలలేదు.

"అమ్మా, నీ మిసను అందరినీ పరీచ్చ సేస్తన్నాది గదా. నాకొక్క టోకెను వస్తాదా రాదా, అది కూడా ఓపాలి పరీచ్చ సేసి సూడు," అన్నాడు.

 రేఖ ఆయన ఆధార్ నంబరు, సర్వే నంబరు అడిగి రాసుకుంది. రెండు వందల పరీక్షల కింద రెండు వందల ఒకటో పరీక్ష చేర్చింది. అందులో పేరు సూరయ్య. మావ పొంగిపోయి, "ఆ గుంట మంచిదిరా నరేసు," అని దారంతా నాతో అదే మాట.

మర్నాడు తొమ్మిది దాటి నాలుగు సెకన్లకి రెండు వందల దీపాలు పచ్చగా వెలిగాయి. అయిదో సెకనుకి ఒకటి ఎర్రగా వెలిగింది.

తొమ్మిదీ పదికి మంత్రిగారి పేషీ నుంచి ఫోను. ఉమాశంకర్ గారు నిలబడి మాట్లాడారు. సాయంత్రంలోగా గోడంతా పచ్చగా ఉంటుందని మాటిచ్చి, చెమట తుడుచుకుని, రేఖని పిలిచారు. నేను అప్పుడక్కడే టీ తాగుతున్నాను.

రేఖ మొదటిసారి కాస్త గట్టిగా మాట్లాడింది. "సార్, టెస్టు ఫెయిలైందంటే తప్పు సూరయ్యగారిది కాదు, మన సైటుది. టోకెన్లన్నీ మన నరసింగరావులే పట్టుకుపోతున్నారు. ఆ లోపం దొరకాలనే గదండీ ఈ టెస్టింగు పెట్టింది."

ఉమాశంకర్ గారు శాంతంగా విన్నారు. "రెండు వందల మంది పాసయ్యారు. ఒక్కడు ఫెయిలయ్యాడు. తప్పెవరిదమ్మా?"

 లెక్క ఆయన వైపే ఉందని నాకూ అనిపించింది. నిజం చెప్పాలంటే, ఒక్క రైతు కష్టానికి ఒక ఆఫీసరు అప్పటికప్పుడు జీపులు తీయించడం నా సర్వీసులో చూడలేదు. మూడు జీపుల్లో బయల్దేరాం. నన్ను కూడా ఎక్కించుకున్నారు. మబ్బులు అప్పటికే నల్లగా దిగాయి.

మమ్మల్ని అల్లంత దూరాన చూసి మావ పరుగెత్తుకుంటూ కళ్లంలోకి వచ్చాడు. కొనడానికే వచ్చారనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. నా మొహం చూసి ఆయనకింకా ధైర్యం వచ్చింది. ఇద్దరం కలిసి టార్పాలిన్ లాగి, మడతపెట్టి గట్టు మీద పడేశాం. దాలమ్మత్త చేటతో తాలు పక్కకి నెట్టింది. మావ గుప్పెడు గింజలు తీసి ఉమాశంకర్ గారికి అందించాడు.

"కొరికి సూడండి బాబూ. టక్కుమంటాది."

ఆయన ఏమాత్రం దర్పం లేకుండా ఒక గింజ కొరికారు. టక్కుమంది. చాలా బాగుందన్నారు. మా మావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేలిముద్ర మిషను తెచ్చి మావ చేత బొటనవేలు పెట్టించారు. సాక్షి కావాలంటే నేనూ పెట్టాను. సంతోషంలో వేలు సరిగ్గా ఆనించలేదు, రెండోసారి గానీ ముద్ర పడలేదు.

"ఇక మీ వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు, సూరయ్యగారూ," అన్నారు ఉమాశంకర్ గారు.

కంగారులో మాట అటూ ఇటూ అయిందనుకున్నాను. అత్త కొబ్బరి బొండాలు కొట్టించి అందరికీ ఇచ్చింది. రేఖ జీపు దిగలేదు. అత్త అక్కడికే తీసుకెళ్ళి ఇస్తే తీసుకోకుండా తల వంచుకు కూర్చుంది. బొండాలు తాగి, చిన్న మిషనులోంచి వచ్చిన చీటీ మడిచి మావ చొక్కాజేబులో పెట్టి, ఉమాశంకర్ గారు సెలవు తీసుకున్నారు. నేను అక్కడే ఉండిపోయాను. మా మావకి మంచి జరిగిన రోజు గదా.

జీపులు మలుపు తిరిగాక ఉమాశంకర్ గారు నా ఫోనుకి ఒక ఫొటో పంపారు. డాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉంది, ఎర్రది ఎక్కడా లేదు.

"ఏ రోజుకిచ్చినారో సదువురా," అని మావ చీటీ నా చేతికిచ్చాడు. "గట్టిగా సదువు, మీ అత్తకి ఇనబడాల."

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను గట్టిగానే మొదలుపెట్టాను. "'మన కళ్లం' నేటి పరీక్ష విజయవంతం. సదరు సర్వే నంబరులో సూరయ్య అనే రైతు లేరు. వరి పంట లేదు. రైతు అంగీకారంతో లోపం తొలగించడమైనది."

చివరి ముక్క అత్తకి వినిపించిందో లేదో నాకు తెలియదు. అప్పటికి చినుకులు మొదలయ్యాయి. మేం ముగ్గురం టార్పాలిన్ దగ్గరికి ఉరికాం. మడత విప్పేసరికి గాలికి ఒక కొస చేతిలోంచి జారిపోయింది, ఇంకో కొస పట్టుకునేసరికి జడివాన అయింది. ఏం కప్పినా లాభం లేదని తెలిశాక మావ ఆ కుప్ప మీదే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తడిసిన ధాన్యం రెండు గుప్పెళ్ళు ఎత్తి నాకు చూపించాడు.

"పంట లేదేటి? మరిదేటిరా నరేసు?"

దానికి జవాబు చీటీలో లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను. అటువైపు మంత్రిగారి ఫొటో ఉంది, చేతులు జోడించి నవ్వుతున్నారు.