విమానం దిగేదాకా మోటారు వేయరాదు

యుద్ధవిమానం ఒకటి శత్రువుల చేతిలో దెబ్బతిని తిరిగి వస్తున్నందున, అది క్షేమంగా నేలకు దిగేవరకు మంచినీళ్ల మోటారు వేయరాదని మా ఊరి పెద్దలు తీర్మానించారు. తీర్మానం అప్పటికి ఒక రోజుగా అమల్లో ఉంది. విమానం కోసం ఆకాశం వైపు చూడనవసరం లేదు. అది సర్పంచి బయ్యన్న ఇంట్లో, కిటికీ పక్కనున్న కంప్యూటర్లో ఉంది. అంతమాత్రాన ప్రమాదం చిన్నదనుకోకూడదు.

నడుపుతున్నది బయ్యన్న కొడుకు విష్ణువర్ధన్. బెంగళూరులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చాడు. తిప్పయ్య నీళ్ల మోటారు వేయగానే వోల్టేజీ పడిపోతుంది, కంప్యూటరు ఆరిపోతుంది. దానితోపాటు కొన్న బ్యాటరీ పెట్టె ఎప్పుడో చెడిపోయి, ఇప్పుడు కాఫీ గ్లాసులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. కంప్యూటరు ఆరినప్పుడల్లా విమానం మళ్లీ మొదటి నుంచి యుద్ధానికి పోవాలి. ఒక ఊరి దాహం వల్ల ఇన్ని యుద్ధాలు జరగడం ఎవరికీ మంచిది కాదు కదా.

నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని గనుక అది ఆట అనుకున్నాను. చదువుకున్నవాళ్లు కాదన్నారు.

ఆ ఉదయం నాకు కావలసింది ఒక బిందెడు నీళ్లు. మా జయంతికి ఇంకా ఏడాది నిండలేదు. తెల్లవారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు; ఒక్కసారీ ఉచ్చ పోయలేదు. నర్సమ్మ ఇచ్చిన ఉప్పూ చక్కెరా పొట్లం ఉంది గానీ కలపడానికి నీళ్లు లేవు. పక్కింటి నల్లమ్మ తన కుండను వంచి, అడుగున మిగిలినవి చెంబులో పోసింది. అవి కాచి, చల్లార్చి, పొట్లంలోది రవ్వంత కలిపి, పిల్లను చంకనెత్తుకుని చెంబుతో కొళాయి దగ్గరికి పోయాను.

అక్కడ మనుషులు లేరు, బిందెలున్నాయి; ముందురోజు నేను పెట్టినదీ ఉంది. మా ఊళ్లో బిందెను వరుసలో పెడితే మనిషి నిలబడినట్టే లెక్క. సర్పంచి గారి రాగి బిందె కూడా సామాన్యుల బిందెలతో పాటే, అన్నింటికన్నా ముందు నిలబడి ఉంది. వాళ్ల బోరూ ఎండిపోయింది మరి. బిందెలు క్రమశిక్షణతో ఉంటే, వాటి యజమానులు ఎదుటనే ఉన్న బయ్యన్న ఇంటి కిటికీకి వేలాడుతున్నారు.

తిప్పయ్య మోటారు గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకుని ఉన్నాడు.

"తిప్పయ్యన్నా, పిల్లకు బాగలేదు. రోంతసేపు మోటారెయ్యన్నా."

"ఏమ్మా నువ్వు! రెక్క కాలిపోతాండాది, ఒక చక్రం బయటికి రాకుండా ఉండాది. ఇప్పుడు మోటారేస్తే ఆ పైలేటు గతేం గావల్ల?"

"పైలేటు కుర్చీలో కూర్చోని బొరుగులు తింటాండాడు గదన్నా."

"అది బయటి పైలేటు. లోపల ఇంకొకడుండాడు."

నా వెనకే వచ్చిన నల్లమ్మ కిటికీలోకి తొంగిచూసింది.

"రన్‌వే యాడుండాదని వెతికేదెందుకు నాయనా, మా చేన్లో దించు. చదునుగా ఉండాది. చెనిక్కాయ మొలిచింటే గదా అడ్డమొచ్చేది!"

అందరూ నవ్వారు. బయ్యన్న నవ్వలేదు. అరుగెక్కి ప్రసంగించాడు.

"సోదరులారా! సరిహద్దులో మన జవాన్లు మంచులో నిలబడినారు. మనం రెండు దినాలు నీళ్లు లేకుండా నిలబడలేమా? నీళ్లు ఈ పొద్దు రాకుంటే రేపొస్తాయి. పోయిన విమానం వస్తాదా?"

రాదని అందరూ చప్పట్లు కొట్టారు. పదింటికి కరెంటు పోతుందని తెలిసీ ఉపన్యాసం ఏమాత్రం తొందరపడలేదు.

చివరికి విమానం కిందికి వంగింది. వెనక పొగ. ఊరు ఊపిరి బిగబట్టింది. జయంతి కూడా ఏడుపు ఆపేసింది. అందరూ విమానాన్ని చూస్తుంటే నేను పిల్ల పెదవులు చూస్తూ, చెంచాతో కొద్దికొద్దిగా తాపుతూ ఉన్నాను. విమానం ఒంటి చక్రం మీద వాలి, రెక్క నేలకు రాసుకుని నిప్పులు చిమ్ముతూ పోయి పోయి ఆగింది. ఈలలు, కేకలు. తిప్పయ్య తాళంచెవితో పరుగెత్తాడు.

మోటారు ఒక్కసారి మూలిగింది. కరెంటు పోయింది.

విష్ణువర్ధన్ చెమటతో తడిసి బయటికి వచ్చాడు. "అమ్మా, గొంతెండిపోయింది. నీళ్లు!"

వాళ్లమ్మ రామలక్ష్మమ్మ లోపలికి పోయి ఒట్టి చేతులతో వచ్చింది. వాళ్ల బిందె వరుసలో ఉంది కదా. ఊరి చూపులన్నీ మెల్లగా నా చెంబు మీదికి తిరిగాయి.

"ఇయ్యమ్మా," అన్నాడు బయ్యన్న. "దేశం కోసం పోరాడొచ్చిన పిల్లోడు."

"ఇవి పాపకు మందు నీళ్లన్నా."

"మందైతే ఇంకా మంచిది. వానికి తల తిరుగుతాండాది."

నేను అరుగు పక్కనే కూలబడి, ఉన్నవన్నీ పిల్లకు తాపాను. చెంబు బోర్లించి చూపించాను. నాకు దేశభక్తి లేదని ఆ పూటే తేలిపోయింది. ఇప్పటికీ ఆ పేరు పోలేదు.

ఇంటికి వస్తుంటే పిల్ల ఉచ్చ పోసింది, నా చంక వెచ్చగా తడిసింది. ఆ రోజు మా ఊళ్లో పారిన నీళ్లు అవొక్కటే.