సార్జెంట్ టాకెట్‌కు మూడో నెల

మంగళవారం పొద్దున వెండెల్ టాకెట్, అతని భార్య రోజలిండ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సైనిక స్థావరం గేటు పక్కనున్న వైద్య సదుపాయాల ఆఫీసులో ఒక్క కాగితం ఇచ్చి, దారిలో వాఫుల్స్ తిని ఇంటికి రావడం. రోజలిండ్‌కు మూడో నెల. ఇంతకుముందు ఒకసారి గర్భం పోయింది కాబట్టి ఈసారి ఇద్దరూ మొదటినుంచీ జాగ్రత్తగా ఉన్నారు. వెండెల్ విమానాల్లోంచి దూకే దళంలో సార్జెంట్. కుటుంబం వైద్యమంతా సైన్యమే చూసుకుంటుంది, అడగడమే ఆలస్యం అని చేరిన రోజున చెప్పారు. అడిగాక ఎంత ఆలస్యమో చెప్పలేదు.

కిటికీ వెనక ఫెన్విక్ అనే గుమాస్తా. పదిహేడేళ్లుగా అదే కుర్చీలో ఉన్నా ఒక్క మనిషి ముఖమైనా చూసిన దాఖలా లేదు. ఇంట్లో అందరి వివరాలూ సైనికుడి నంబరు కిందే ఉంటాయి. ఫెన్విక్ ఆ నంబరు కొట్టి, కింద ఉన్న భార్య పేరు దాకా దిగే ఓపిక లేక, మొదటి పేరు దగ్గరే గర్భం నమోదు చేసి, స్టాంపు గుద్ది, తర్వాతివాళ్లను పిలిచాడు.

గురువారానికి దూకేవాళ్ల జాబితాలోంచి వెండెల్ పేరు ఎగిరిపోయింది. కెప్టెన్ ష్రేడర్ అతన్ని పిలిపించి, చేతిలో కాగితం రెండుసార్లు చదువుకుని, ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు.

"నేను కాదండీ, మా ఆవిడ."

"కాగితంలో నువ్వే ఉన్నావు. బరువులెత్తకూడదట, ఎక్కువసేపు నిలబడకూడదట. కూర్చో, టాకెట్."

సాయంత్రానికి అతని బీరువాలో ఎవరో ఊరగాయ సీసా పెట్టారు.

సోమవారం నవ్వులాట ఆగిపోయింది. రోజలిండ్‌కు పొత్తికడుపులో నొప్పి, కాస్త నెత్తురు. క్లినిక్ కౌంటర్లో ఆమె పేరు కొట్టి చూసి, మీకు గర్భం నమోదు కాలేదు, స్కాను కుదరదన్నారు. అటునుంచి అటే ఇద్దరూ ఫెన్విక్ దగ్గరికి పరిగెత్తారు.

"అయ్యా, గర్భం నాది. ఆయన పేరున రాశారు," అంది రోజలిండ్.

ఒకసారి రాసింది తనంతట తాను చెరపకూడదనీ, పైఆఫీసుకు పంపుతున్నాననీ, నూట యాభై పనిదినాల్లో సవరిస్తారనీ ఫెన్విక్ వివరించాడు.

"ఆలోపు నేను కనేస్తాను."

"అప్పుడిక సవరించే పనే ఉండదు కదమ్మా," అన్నాడు ఫెన్విక్, సమస్య తీరిందన్న సంతోషంతో మొట్టమొదటిసారి తలెత్తి.

వెండెల్ పిడికిలి బిగించాడు. రోజలిండ్ అతని చెయ్యి పట్టి లాగుతుండగా అతని జేబులో ఫోను మోగింది. గర్భిణుల క్లినిక్ నుంచి సందేశం: సార్జెంట్ టాకెట్ గారు మధ్యాహ్నం రెండింటికి తమ మొదటి స్కానుకు తప్పక రావాలి. రోజలిండ్ అది చదివి, కళ్లు తుడుచుకుంది.

"పద. నీకు స్కాను ఉందట."

డాక్టర్ ఇబారా అనే మేజరమ్మ "సార్జెంట్ టాకెట్" అని పిలవగానే ఇద్దరూ లేచారు. వెండెల్ ఏదో చెప్పబోయాడు. ఆవిడ రోజలిండ్ పాలిపోయిన ముఖం చూసి అతన్ని ఆపింది.

"ఎవరి కడుపో నాకు తెలుస్తుందిలే. వచ్చి పడుకోమ్మా."

కాసేపటికి గదిలో బిడ్డ గుండెచప్పుడు వినిపించింది, గబగబా, నిక్షేపంగా. ఆకాశంలోంచి దూకే వెండెల్ ఇంకొక్కసారి వినిపించమని డాక్టర్ని బతిమాలాడు.

రికార్డు దిద్దించమంటారా అని డాక్టరు అడిగితే భార్యాభర్తలు ఒక్కసారే వద్దన్నారు. ఆపైన ప్రతి నెలా వెండెల్ పేరున పరీక్షలు, మందులు వేళకు అందాయి. ఏప్రిల్లో, రికార్డుల ప్రకారం, సార్జెంట్ టాకెట్ సుఖంగా ఆడపిల్లను ప్రసవించాడు.

పొరపాటు సవరించామనీ, శ్రీమతి టాకెట్ ఇక నిశ్చింతగా మొదటి స్కానుకు రావచ్చుననీ ఫెన్విక్ సంతకంతో ఉత్తరం వచ్చేనాటికి, పాప కూర్చోవడం నేర్చుకుంది.