నాలుగు డిగ్రీల ఎడం

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా అత్తయ్యను కంటి ఆపరేషన్‌కు చేర్చడం, అంతే. ఆవిడ ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించుకుంది. ఈసారి కూడా దాటితే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అదే ఆసుపత్రిలో నర్సుగా ఉన్న భార్య డ్యూటీకి వెళ్తూ, "అమ్మ మనసు మారకముందే తీసుకొచ్చేయండి," అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

అత్తయ్య ఎనిమిదింటికే చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల్లుడు ఊరికే ఉంటే సరిపోయేది. కాని అతను ఫ్రిజ్‌ల మెకానిక్, ఊరికే ఉండటం వాళ్లింటా వంటా లేదు. ఆవిడ గదిలో హీటరు ఇరవై డిగ్రీలకు వెలిగి, ఇరవై నాలుగుకు ఆగుతుంది. ఇరవై రెండు దగ్గర అది వెలిగి ఉంటుందా, ఆరి ఉంటుందా అన్నది అక్కడికి ఎటునుంచి వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. చదువుకున్నవాళ్లు దీన్ని హిస్టరిసిస్ అంటారు, ఇతను మాత్రం ఎడం అంటాడు. ఆపరేషన్ అయి వచ్చే మనిషికి ఈ ఎక్కడాలూ దిగడాలూ దేనికని గోడమీది థర్మోస్టాట్ పెట్టె విప్పి, మర బిగించి, ఆ ఎడాన్ని పూర్తిగా చెరిపేసి గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఎడం లేని పెట్టె వెలగాలో ఆరాలో తేల్చుకోలేక కొట్టుకోవడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్కుటక్కు. గోడ లోపలినుంచి ఎవరో గోటితో తడుతున్నట్టే ఉంది.

ఆ గోడకు అవతలి గదిలోనే పోయినేడు మామయ్య చివరి మూడు నెలలూ మంచం మీద గడిపాడు. మాట పడిపోయాక, భార్య కావలసినప్పుడల్లా ఆ గోడమీద తట్టేవాడు. ఆవిడ ఎంత పనిలో ఉన్నా పరుగెత్తేది.

సబ్బు నురగ మొహంతో అల్లుడు వచ్చేసరికి ఆవిడ గోడకు చెవి ఆనించి ఉంది.

"మీ మామయ్య పిలుస్తున్నారు నాయనా. వదిలేసి ఎలా రాను?"

"అది పెట్టె అత్తయ్యా! నేనే పాడుచేశాను."

"ఆయన చెయ్యి నాకు తెలీదూ?"

గోరుచుట్టు మీద రోకటిపోటులా పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. చప్పుడు విని, చేతులు జోడించి, "అన్నయ్యగారూ, మా బీరువా తాళంచెవి ఎక్కడుందో కాస్త చెబుదురూ," అని గోడను అడిగింది. టక్కుటక్కు. "వంటింట్లోనట!" అంటూ పరుగెత్తి, ఐదు నిమిషాల్లో తాళంచెవి ఊపుకుంటూ తిరిగొచ్చింది.

అతను గబగబా మరను పాత చోటికి తిప్పాడు. చప్పుడు ఆగింది.

"అలిగారు," అంది అత్తయ్య. "పిలిస్తే పలకలేదని. ఇక నేను కదలను."

పొద్దున ఇదే నిశ్శబ్దంలో ఆవిడ చెప్పులేసుకుని కూర్చుంది. ఇప్పుడు అదే నిశ్శబ్దం, చెప్పులు మాత్రం మంచం కింద. మర వెనక్కి వచ్చింది గాని అత్తయ్య రాలేదు. పోనీ అని మళ్లీ బిగించాడు. టక్కుటక్కు. "చూశావా, ఉండమంటున్నారు!" తట్టినా కదలదు, తట్టకపోయినా కదలదు. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పదిన్నరకు భార్య ఫోన్. "బయల్దేరారా? థియేటర్ సిద్ధం చేసేశారండీ!"

అల్లుడికి నిజంగా భయం వేసింది. తన స్క్రూడ్రైవర్ పుణ్యమా అని ఒక మనిషి కన్ను పోతోంది. ఎడం ఉన్న పెట్టెలాగే ఆవిడను మొదటికి లాగితే చాలదు, ఇంకా అవతలికి లాగాలి. మరను పాత చోటికి తెచ్చి, కరెంటు ఆపి, తీగలు విప్పి, పెట్టెను గోడనుంచి ఊడదీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"మామయ్య కూడా మనతో వస్తారత్తయ్యా."

"ఆ మాట ముందే చెప్పొద్దూ?" అంటూ ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

కారెక్కగానే చలికి పెట్టె లోపలి రేకు వంగి టక్‌మంది. అది అల్లుడికి అర్థమయ్యే చప్పుడే. రేకు వంగడానికి కరెంటుతో పనిలేదు. మళ్లీ టక్‌మనాలంటే మాత్రం నాలుగు డిగ్రీలకు పైగా వెచ్చబడాలి. ఆ కారులో హీటరు పాడై నెల దాటింది.

మలుపు దగ్గర పెట్టె మళ్లీ తట్టింది. అత్తయ్య దాన్ని మెల్లగా నిమిరింది. ఆసుపత్రి వచ్చేదాకా అల్లుడు వెనకసీటు కనిపించే అద్దంలోకి చూడలేదు.

కౌంటరు గుమాస్తా కాగితం మీంచి తలెత్తకుండానే, "పేషెంటుకు తోడు ఎంతమంది వచ్చారు?" అని అడిగాడు.

"ఇద్దరం," అన్నాడు అల్లుడు.