మంచుకొండ మీద మామగారు

ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగి, మొదటి రోప్‌వే ఎక్కి, కొండ శిఖరం మీద స్టీలు డబ్బాలోని మామగారి బూడిద మంచులో కలిపి, భోజనాల వేళకు దిగిపోవాలి. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే అల్లుడు అలాగే అనుకుని నిద్ర లేచాడు.

మామగారు పోయి మూడు నెలలు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి, ఊళ్ళోవాళ్ళ తూకాల్లో తరుగులు పట్టుకున్న మనిషి. అల్లుడిలో తరుగునూ ఏనాడూ వదల్లేదు. "మంచుకొండ మీద కలపమన్నారు. అదే ఆఖరి మాట," అని అత్తగారు కళ్ళొత్తుకుంటూ చెప్పినప్పుడు కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. అల్లుడు షాపు మూసి, భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఈ ఒక్క పనైనా సవ్యంగా చేస్తే, పోయాకైనా ఆయన తూకానికి సరిపోతానని అతని ఆశ.

లాడ్జి మెట్ల మీద మంచు గడ్డకట్టి అద్దంలా మెరుస్తోంది. టీకని ముందు అడుగుపెట్టిన భార్య పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా కూర్చునే దిగింది. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది.

"మెట్ల మీద ఏదో ఒకటి చల్లాలని తెలియదా?" అని అల్లుడు వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"ఇసక అయిపోయింది సార్."

"ఇసక లేకపోతే బూడిద చల్లు. అదీ నేనే చెప్పాలా? మా గదిలో పొయ్యి దగ్గర కావలసినంత ఉంది."

వీధి చివర డాక్టరు దగ్గర పట్టీ కట్టించి, భార్యను చేతుల మీద మోసుకుంటూ తిరిగి వచ్చేసరికి మెట్లు భేషుగ్గా ఉన్నాయి. మెత్తటి బూడిద అన్నింటి మీదా సమానంగా పరుచుకుని ఉంది. అల్లుడు నిబ్బరంగా అడుగులేస్తూ పైకెక్కాడు. "ఇప్పుడు నయం, జారట్లేదు," అంటూ వెనకే అత్తగారూ ఎక్కారు. పైన వాచ్‌మన్ ఒక స్టీలు డబ్బాను బోర్లించి అడుగు తడుతున్నాడు.

"పొయ్యి పక్కనే డబ్బాలో ఎత్తి ఉంచారు సార్. పని తేలికైపోయింది," అన్నాడు వాడు, అల్లుడికి మాత్రమే వినబడేలా.

అల్లుడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. మామగారు బతికుండగా ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడానికి కూడా జంకినవాడు, ఇప్పుడు బూట్లతో, అదీ ఆయన కూతుర్ని మోసుకుంటూ, ఆయన మీదుగా నడిచి వచ్చాడు.

భార్య మంచం మీద నుంచి అతని చెయ్యి పట్టుకుంది. "నేను రాలేను. నాన్న పని ఆపకండి. మిమ్మల్ని నమ్మే పంపుతున్నానండీ."

ఆ మాటతో అతనికి నిజం చెప్పే దారి మూసుకుపోయింది. అత్తగారు కూతురికి దుప్పటి కప్పుతుండగా, తేలు కుట్టిన దొంగలా పొయ్యి ముందు కూర్చుని డబ్బా నింపేశాడు. నివురుగప్పిన నిప్పు అన్న మాట చిన్నప్పుడు బళ్ళో వల్లె వేసినవాడే. ఆ తొందరలో గుర్తు రాలేదు.

రోప్‌వే పెట్టె జనంతో కదిలింది. అత్తగారు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని శాలువా కప్పారు.

"బాబూ, మీ మామయ్యగారు వెచ్చగా ఉన్నారు."

"ఎండ తగిలి ఉంటుంది అత్తయ్యా."

బయట తెరలు తెరలుగా మంచు కురుస్తోంది.

"బరువు కూడా పెరిగినట్టున్నారు."

"చెమ్మ పట్టి ఉంటుంది."

అంతలో శాలువాలోంచి పొగ లేచింది. ఎవరో కంగారుగా ఎర్ర పిడి లాగేశారు. పెట్టె లోయ మీద ఆగిపోయి ఊగసాగింది. రోప్‌వే ఉద్యోగి పెట్టె మూల నుంచి ఒక్క అంగలో వచ్చాడు.

"ఏముంది అందులో?"

"మా మామగారు. పోయారు," అన్నాడు అల్లుడు.

"పోతే ఇంకా పొగేంటి?"

ఉద్యోగి కిటికీ తెరిచి డబ్బా బయట పారెయ్యబోయాడు. అల్లుడు దాన్ని గుండెలకు హత్తుకున్నాడు. అరచేతులు చుర్రుమన్నా వదల్లేదు. వదిలితే భార్యకు ఏం చెప్పాలి?

ఎర్ర పిడి లాగినంత తేలిక కాదట, మళ్ళీ కదిలించడం. గాలి ఈల వేస్తోంది. కింద లోయ కనిపించడం మానేసింది. పెదాలు నీలంగా మారి, మాటలు ఆగి, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకునే వేళ అయింది. ఆ పెట్టెలో వెచ్చగా ఉన్నది మామగారొక్కరే. మొదట ఒక ముసలాయన మొహమాటంగా డబ్బా వైపు చేతులు చాపాడు. తర్వాత ఇంకొకరు. ఆఖరికి ఉద్యోగి కూడా. అత్తగారూ చేతులు కాచుకున్నారు.

ఎట్టకేలకు శిఖరం చేరాక, అల్లుడు మంచులో మోకాళ్ళ మీద కూలబడి ఉన్నదంతా చెప్పేశాడు. మెట్లు, బూట్లు, పొయ్యి, ఏదీ దాచలేదు. చెప్పి, తల వంచుకున్నాడు.

అత్తగారు అతని భుజం మీది మంచు దులిపారు.

"మెట్ల మీద చల్లింది కూడా ఆయన్ని కాదు బాబూ. ఆయన్ని మా పెరట్లో గులాబీల కింద ఎప్పుడో కలిపేశాను. డబ్బాలో నేను తెచ్చింది బేకరీవాళ్ళ పొయ్యిలో బూడిద."

"మరి ఆఖరి కోరిక?"

"ఆఖరున ఆయనన్నది 'ఫ్యాను తగ్గించు' అని." ఆవిడ తెల్లటి వాలు వైపు చూశారు. "మంచు చూడాలనున్నది నాకు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన్ని అడిగాను. మిమ్మల్నీ అడిగేదాన్నే. నాకు చూడాలనుందంటే షాపు మూసేవారా?"

అల్లుడు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అవునని అనలేకపోయాడు.

"అమ్మాయికి మాత్రం చెప్పకండి," అన్నారు అత్తగారు. "వాళ్ళ నాన్న ఇక్కడున్నాడనుకుంటే దానికి నిమ్మళం. మెట్ల సంగతి నేనూ ఎత్తను."

ఆవిడ లేచి, వాలు దగ్గర మంచు మీద జారే స్లెడ్జి బండ్లు అద్దెకిచ్చేవాడి దగ్గరకు నడిచారు. శాలువా కాలిన వైపు లోపలికి మడిచి, బండి మీద కూర్చుని, తొయ్యమన్నారు. కేక పెట్టలేదు, కళ్ళు మూసుకోలేదు. కింద ఆగి, పైకి చూసి, మళ్ళీ అన్నట్టు వేలు తిప్పారు.

"తొయ్యడం వరకే మా పని సార్. పైకి లాక్కునేది మీరే," అన్నాడు బండివాడు.

పొద్దుగూకే దాకా అత్తగారు కొండ దిగుతూనే ఉన్నారు. ఎక్కడం మాత్రం అల్లుడే ఎక్కాడు.